పన్ను ఒక్కటే మందు కాదు

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. తిండి ఆయన ప్రసాదించిన నియామత్. తినే విషయంలో హద్దు మీరవద్దని దివ్యఖుర్‌ఆన్ (సూరా అల్ ఆరాఫ్, 31వ ఆయత్) హెచ్చరిస్తున్నది. అయితే ఈనాడు స్థూలకాయం ఒక ఇంటి దస్తర్‌ఖాన్‌తో తీరే సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో 32 మంది అధిక బరువుతో ఉన్నారు. మధుమేహం, రక్తపోటు ఈ బరువు వెంటే వస్తాయి.

శంషాబాద్‌నే చూడండి. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమయ్యాక ఇక్కడి బ్రతుకుతీరే మారింది. పొలం గట్ల మీద నడిచిన తండ్రుల కొడుకులు ఇప్పుడు టాక్సీ నడుపుతున్నారు, గోదాముల్లో రాత్రి డ్యూటీ చేస్తున్నారు. వేళ తప్పిన భోజనం, పిల్లలకు చిప్సు ప్యాకెట్లు మామూలైపోయాయి. నడుద్దామంటే లారీలు తిరిగే రోడ్డు. వీరిని నోరు కట్టుకోమని మందలించి ఊరుకోవడం న్యాయమా?

ప్రభుత్వం ముందున్న మార్గాలు మూడు. మొదటిది పన్ను. కేరళ 2016లో పెద్ద హోటళ్ల బర్గర్లు, పిజ్జాలపై 14.5 శాతం పన్ను వేసింది. మరుసటి ఏడు జీఎస్టీ రావడంతో అది పోయింది. మనవాళ్లెందరో పొట్టకూటికి వెళ్లిన సౌదీ అరేబియా 2017లో శీతల పానీయాలపై 50 శాతం పన్ను విధించింది. మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్టీ 40 శాతం. కాని పాత 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిపినా అంతే! పైగా అదే రోజున బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్ మిక్చరుపై పన్నును 5 శాతానికి దించారు. ఒక చేత్తో ఆపుతూ మరో చేత్తో పిలవడమంటే ఇదే.

రెండవది ప్యాకెట్ ముందు హెచ్చరిక. చిలీ దేశం 2016 నుంచి నల్లని గుర్తులు వేయిస్తున్నది. ఇది మంచిదే. చదువురాని తల్లి కూడా ఆ గుర్తును పోల్చుకోగలదు. కాని బండి మీది సమోసాకు ప్యాకెట్ ఎక్కడిది?

మూడవది ఇప్పటికే చట్టంలో ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువైన తినుబండారాలను బడిలోగాని, గేటు నుంచి 50 మీటర్ల లోపుగాని అమ్మరాదని 2020 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ముందుగా అమలు చేయవలసింది ఇదే. నాలుక అలవాటు బాల్యంలోనే పడుతుంది. దీనికి కొత్త చట్టమూ అక్కరలేదు. అయితే తోపుడుబండివాడి పొట్ట కొట్టి పిల్లల పొట్ట బాగుచేయలేం. అతడు అక్కడే పండ్లు, ఉడికించిన శనగలు అమ్ముకొనేలా మున్సిపాలిటీ సాయపడాలి. బడి మైదానాలను ఉదయం పూట స్త్రీల నడకకు తెరవాలి.

మన మదర్సా కమిటీలు మాత్రం ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడనక్కరలేదు. తమ గేటు ముందు ఈ నియమాన్ని నేడే పాటించవచ్చు. కడుపులో మూడోవంతు ఊపిరికి వదలాలని బోధించిన దైవప్రవక్త (స) ఉమ్మత్ మనం. వలీమాలలో వంటకాల లెక్క తగ్గించడానికి ఏ ప్రభుత్వం జీవో ఇవ్వాలి?