ఫోటోకు ముఖం తెల్లగ ఉండాల్నా?



వచ్చే సోమవారం మన హాస్టల్‌కు ఫోటో సార్ వస్తున్నారు. ముందుగాల తొమ్మిది, పది తరగతుల వాళ్లకు పాస్ ఫోటోలు, తర్వాత అందరికి గ్రూపు ఫోటో. నోటీసు పెట్టిన దినం నుండి మన రూములల్ల చదువు లేదు. అద్దం ఒక్కటే. దాని ముందర లైను అన్నం లైను కన్న పొడుగున్నది.

ముస్తాబు అయ్యుడు తప్పు అని నేను అనను. దండారి పండుగకు మన గుస్సాడీలు ఎట్ల తయారైతరు? ఒంటికి బూడిద పూసుకొని, నెమలి ఈకల టోపీ పెట్టుకొని. మార్లవాయి కనకరాజు గారు ఆ గుస్సాడీ ఆటతోనే 2021లో పద్మశ్రీ పొందినారు. 2024లో ఆయన చనిపోయారు. మా అవ్వ నుదురు మీద, చేతుల మీద తోటి తెగ ఆడవాళ్లు పొడిచిన పచ్చబొట్లు ఉన్నయి. సూదులతోని పొడిచేటప్పుడు మస్తు ఏడ్చిందట. ఇప్పుడు అందరికి చూపెట్టుకొని మురుస్తది. ఆ పచ్చబొట్లు ఆమె ముఖాన్ని దాచిపెట్టలేదు. మనం పూసే క్రీము మాత్రం దాచిపెట్టడానికే.

తెల్లగ చేస్తమని అమ్మే ఒక క్రీము 1975 నుండి ఉన్నది. 2020లో కంపెనీవాళ్లు దాని పేరుల ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ అని పెట్టిండ్రు. పేరు మారింది గాని మన ట్రంకు పెట్టెలల్ల నుండి అది పోలేదు. 2024లో ప్రభుత్వం 8 నుండి 10 తరగతుల బాలికలకు కాస్మెటిక్ చార్జీలు నెలకు 75 రూపాయల నుండి 275 చేసింది. అవి సబ్బుకు, నూనెకు, మన నెలసరి అవసరాలకు. (ఎప్పుడెప్పుడు వస్తయి అనేది వేరే వ్యాసంల రాస్త. మేడమ్ కోపం చేసుకోవద్దు.) ఆ పైసలు క్రీముకు పెడితే సబ్బుకు ఎవరు ఇస్తరు?

పోయినేడు ఒక ఫోటో ఆయన మనల్ని అడగకుండనే కంప్యూటర్ల అందరి ముఖాలు తెల్లగ చేసిచ్చిండు. మా అవ్వ నా ఫోటో చేతుల పట్టుకొని “ఇది ఎవరి పిల్ల?” అన్నది. నవ్వులాటకు అన్నదనుకున్న. కాదు, నిజంగనే అడిగింది. రేపు పదో తరగతి హాల్‌టికెట్ మీద ఫోటోను, మన ముఖాన్ని పరీక్ష హాల్ల కలిపి చూస్తరు. పెంచిన అవ్వకే తెలువనిది వాళ్లకెట్ల తెలుస్తది?

మరి ఎట్ల తయారు కావాలె? తలస్నానం ఆదివారమే చేయాలె. సోమవారం పొద్దున తలకు నిండ నూనె పెడితే అది నుదురు మీదికి కారి, ఫ్లాష్ పడంగనే మెరుస్తది. తడిగుడ్డతోని ముఖం తుడుచుకుంటె సాలు. పౌడర్ ఎక్కువైతే ముఖం బూడిద రంగు, మెడ మన రంగు, రెండు వేరే వేరే మనుషులవి లెక్క కనపడ్తయి. జడలు చెవుల మీదికి రాకుండ గట్టిగ ఏసుకోవాలె.

గోర్ల రంగు సీసా కోసం మొన్న ఇద్దరు కొట్లాడుకున్నరు. పాస్ ఫోటో 3.5 సెంటీమీటర్ల వెడల్పు, దాంట్ల గోర్లు ఎక్కడున్నయి? గ్రూపు ఫోటోల ముందు వరుసల కూసున్నోళ్ల చేతులు కనపడ్తయి, నిజమే. వాళ్లు గోర్లు కత్తిరించుకొని, మట్టి తీసుకుంటె అయిపాయె. ఇంకో మాట. నర్సమ్మ వచ్చినప్పుడు రక్తం తక్కువున్నదా అని మన గోర్లు, కింది కన్రెప్పలు చూస్తది. రంగు ఏసుకుంటె గోర్లు తెల్లబడ్డది ఆమెకు కనపడదు.

వార్డెన్ మేడమ్ గారికి నా విన్నపం. ముఖాలు తెల్లగ చేయవద్దని ఫోటో సార్‌కు మీరే ముందుగ చెప్పండి, మేము చెప్తే వినరు. ఆదివారం నీళ్లు ఒక గంట ఎక్కువ విడువండి. ఐదో తరగతి చిన్నపిల్లల జడలు మేము తొమ్మిదోళ్లం ఏస్తం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని