హెచ్చరికయే ముహూర్తము

2018 నవంబరు 8వ తేదీన, కార్తికమాసపు తొలిదినమున, ఉత్తర కాలిఫోర్నియాలోని పారడైజ్ అను పట్టణము కార్చిచ్చువలన కొన్ని గంటలలో భస్మమైపోయిన వార్త విన్ననాడు నేను ఫ్రీమాంటులో మా కుమార్తె యింట నుంటిని. రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము దాటి వచ్చిన ఆ పొగ, మూసిన కిటికీల సందులగుండ పడకగదులలోనికి చొరబడి, ఇంచుమించు రెండువారములు, 21వ తేదీన వాన కురియువరకు, మమ్ము వదలలేదు. సంధ్యవేళ తులసికుండీ చెంత దీపము వెలిగింపబోవగా మా కుమార్తె వారించినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నమాట నిజమే. కాని ఊపిరితిత్తుల లోతట్టునకు చేరగల, 2.5 మైక్రానులకు మించని రేణువు లా పొగలో నున్నవనియు, అట్టి దినములలో అగరువత్తియు, సాంబ్రాణియు, తుదకు పోపుపొగయు గూడ ఇంటిలో వానినే పెంచుననియు తెలిసినపిదప, ఆమె మాటయే ధర్మమని తోచినది.

పొగను ఎన్-95 మాస్కుతోను, గాలిని వడగట్టు యంత్రముతోను కొంత ఓర్చుకొనవచ్చును. నన్ను నేటికిని బాధించునది పారడైజ్ మృతుల వయస్సు. చనిపోయిన 85 మందిలో అధికసంఖ్యాకులు 65 ఏండ్లు దాటినవారు. ఉదయము ఆరున్నర ప్రాంతమున కొండలోయలో పుట్టిన మంట, గాలి తోడ్పాటుతో, రెండుగంటలు గడువకమున్నే ఊరి పొలిమేర చేరినది. పేటలవారీగా జనమును తరలింపవలెనని ముందుగా వ్రాసికొన్న పథకము దాని వేగమునకు నిలువలేదు. ఉన్న కొద్దిపాటి దారులు కార్లతో నిండిపోయినవి. ముందుగా పేరు నమోదు చేసికొనని ఎందరికో ఫోనులో హెచ్చరికయే అందలేదు.

జనమును తరలించునప్పుడు కాలిఫోర్నియా అధికారులు రెండు మాటలు వాడుదురు. ‘వార్నింగ్’ అనగా అపాయము సమీపించుచున్నది, సిద్ధపడుడని. ‘ఆర్డర్’ అనగా తక్షణమే వెడలిపొమ్మని. వృద్ధులును, రోగులును మొదటి మాటకే కదలవలెనని వారే చెప్పుచున్నను, మన కుటుంబములు నగలను, దేవుని పటములను, కట్టిన ఇంటిని తలచుకొని రెండవదానికై వేచియుండుట నే నెరుగుదును. ఇది పెద్ద పొరపాటు. పగటివేళ పిల్లలు ఆఫీసులకు పోయిన ఇంటిలో, కారు నడుపరాని తల్లిదండ్రులకు, ఇంగ్లీషు రానివారికి, ఆజ్ఞ వెలువడిన తరువాత మిగులు కాల మెంత? తెలుగువారు వేలసంఖ్యలో నివసించు కౌంటీలు ఈ హెచ్చరికలను తెలుగునను పంపవలెనని నా గట్టి అభిప్రాయము; అంతవరకు ఆ భారము పిల్లలది. 2020 ఆగస్టులో పిడుగులవలన, మాకు చేరువనున్న శాన్ హోసేకు తూర్పుననున్న కొండలలో రగిలిన మంటలు దాదాపు 4 లక్షల ఎకరముల నేల దహించినవి. ఆపద దూరపు ఊళ్లదని నమ్ముట కిక చోటు లేదు.

మా కుమార్తె నా ఫోనును కౌంటీలో నమోదు చేయించినది. మందులు, కళ్లజోడు, పాస్‌పోర్టు ఉన్న సంచి వీధితలుపు వెనుక వ్రేలాడుచున్నది. పగలు ‘వార్నింగ్’ వచ్చినచో నన్ను తన కారులో ఎక్కించుకొని పోవుటకు ప్రక్కయింటి చీనా ఇల్లాలు ఒప్పుకొన్నది. ఆమె ఫోను నంబరును, మా తరలింపు జోను సంఖ్యను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి ఫ్రిజ్‌పై అంటించితిమి.