తుపాకీ బరువు పిల్లల భుజాన వద్దు!

బాన్సువాడ ప్రజలారా, తల్లిదండ్రులారా, టీచర్లారా!

మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు తుపాకీ చప్పుడు కొత్త కాదు. రాత్రి అన్నలకు అన్నం పెట్టిన ఇంటికి పొద్దున పోలీసులు వచ్చిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. మన దగ్గర ఆ రోజులు పోయాయి. కానీ గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో అదే పోరులోకి బడి ఈడు పిల్లల్ని రెండు వైపుల వాళ్లూ దించారు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో అక్కడ సల్వాజుడుం మొదలయ్యాక ఎందరో ఆదివాసీలు ఊళ్లు వదిలి ఖమ్మం, వరంగల్ అడవులకు వచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ సంస్థ అటూ ఇటూ తిరిగి, బాధితులతో మాట్లాడి 2008 సెప్టెంబర్‌లో నివేదిక ఇచ్చింది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని మావోయిస్టులు బాలసంఘాల్లో చేర్చుకుని, పోలీసుల రాకపోకలు కనిపెట్టే పని అప్పగిస్తున్నారని రాసింది. పద్దెనిమిది నిండనివాళ్లను పోలీసులు స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా (ఎస్పీవోలుగా) పెట్టుకున్నారనీ రాసింది. వయసు కాగితాలు లేక అలా జరిగిందని, వాళ్లను తీసేశామని ఛత్తీస్‌గఢ్ పోలీసు అధికారులు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వం ఎందుకు జవాబు చెప్పింది? ఇలాంటి సంస్థలు 1998లో కూటమి కట్టి దేశదేశాల ప్రభుత్వాల వెంటపడ్డాయి. 2000లో ఐక్యరాజ్యసమితి పిల్లల్ని యుద్ధాల్లో వాడకుండా ఒప్పందం తెచ్చింది. 2005 నవంబర్‌లో భారత్ దాన్ని ఆమోదించింది. మాట ఇచ్చిన ప్రభుత్వాన్ని ఆ మాట మీదే నిలదీయవచ్చు. ఈ సంస్థల బలమంతా అదే.

అయితే నివేదికతోనే పని అయిపోలేదు. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన తెలుగువారైన మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు చెప్పారు. నెలకు 3,000 రూపాయలిచ్చి, అంతంతమాత్రం చదువున్న ఆదివాసీ యువకుల్ని మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ ఏడాదే ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం చేసి ఆ ఎస్పీవోలనే సహాయక దళంలోకి తీసుకుంది. బయటి ఒత్తిడి తలుపు తెరుస్తుంది. మళ్లీ మూసుకోకుండా చూడాల్సింది ఓటర్లే.

ఇప్పుడు ఆ బాధ్యత ఇంకా పెరిగింది. యుద్ధాల్లో చిక్కుకున్న పిల్లల మీద ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఏటా నివేదిక ఇస్తారు; 2023 నివేదిక నుంచి భారత్‌ను తొలగించారు. ప్రభుత్వం తీసుకున్న చర్యలే అందుకు కారణమని చెప్పారు. ఏటేటా బయటివాళ్లు అడిగే ప్రశ్న ఆగిపోయింది. ఇక ఆ ప్రశ్న మనమే అడగాలి.

మన డిమాండ్లు:

1. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ పిల్లల్ని చేర్చుకునే మిలిటెంట్ గ్రూపులకు ఏడేళ్ల వరకు జైలు, 5 లక్షల జరిమానా అంటోంది. పోలీసులు, ప్రభుత్వ అండ ఉన్న దళాలు చేర్చుకున్నా నేరమేనని అందులో స్పష్టంగా రాయాలి.

2. దళం నుంచి బయటపడిన పిల్లల్ని బాలల సంక్షేమ కమిటీకి అప్పగించాలి. ఇన్‌ఫార్మర్లుగా, దారి చూపేవాళ్లుగా వాడుకోకూడదు. తల్లిదండ్రుల దగ్గరికి, బడికి చేర్చాలి.

3. సైన్యంలో చేరే కనీస వయసు పదహారని ఒప్పందం ఆమోదించినప్పుడు కేంద్రం చెప్పింది. శిక్షణ అయ్యాక పద్దెనిమిది నిండితేనే పోరాట ప్రాంతాలకు పంపుతామంది. చేరే వయసే పద్దెనిమిది చేయాలి.

జువెనైల్ జస్టిస్ చట్టం కేంద్ర చట్టం, మార్చాల్సింది పార్లమెంటు. కాబట్టి మన జహీరాబాద్ ఎంపీకి ప్రతి ఇంటి నుంచి ఒక ఉత్తరం వెళ్లాలి. ప్రతి గ్రామసభలో ఈ మూడు డిమాండ్ల మీద తీర్మానం చేయాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ నాయకుణ్ని వీటి మీద మాట ఇమ్మని అడగాలి.

బస్తర్ పిల్లలకు ఓటు లేదు, మనకుంది. వాళ్ల కోసం దాన్ని వాడదాం!

— బాన్సువాడ డివిజన్ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు