కొలబద్ద విద్యార్థికేనా?

తెలుగువారి బిడ్డలు వేలకొలది చదువుచున్న అమెరికా దేశమున కళాశాలల క్రీడలు వినోదమాత్రములు గావు, అవి మహావాణిజ్యము. అచ్చటి కళాశాలల క్రీడాసంఘమగు ఎన్.సి.ఏ.ఏ. పురుషుల బాస్కెట్‌బాల్ పోటీల ప్రసారహక్కులను 2010లో 14 ఏండ్లకు 1080 కోట్ల డాలర్లకు విక్రయించినది. ఇంతటి ధనము నార్జించి పెట్టు విద్యార్థి మైదానమున నడుగిడుటకు ముందు చదువునందు అర్హత చూపవలయును. చూపవలసినదే. చదువురాని వానిని నాలుగేండ్లు ఆడించి, రిక్తహస్తములతో నింటికి బంపుట పాపమని మేమును ఒప్పుకొందుము. మా ప్రశ్న యొక్కటియే: ఆ కొలబద్ద విద్యార్థికి మాత్రమేనా? విద్యాలయమునకు లేదా?

చరిత్రను చూడుడు. ఎస్.ఏ.టి. పరీక్షలో 1600కు 700 మార్కులును, 11 ముఖ్యపాఠములలో నిర్ణీతమగు సగటును రానివాడు మొదటి యేడు ఆడరాదని 1983లో చేసిన 48వ ప్రతిపాదన 1986లో అమలునకు వచ్చినది. అర్హత గోల్పోయినవారిలో అత్యధికులు నల్లజాతి బాలురు. అది చాలదన్నట్లు, అట్టివారికి విద్యార్థివేతనము సైతము నిరాకరింపవలెనని 1989లో 42వ ప్రతిపాదన చేసిరి. జార్జిటౌన్ శిక్షకుడు జాన్ థామ్సన్ ఆ జనవరి 14వ తేదీన, ఆట ప్రారంభము గాకమునుపే మైదానము వీడి నిరసన దెలిపెను. మరుసటి యేడే సంఘము ఆ నిబంధనను సడలింపవలసి వచ్చెను. ఒక్క మనుజుని మౌనము శతోపన్యాసములకంటె బలవత్తరము!

తరువాతి నిబంధన నల్లజాతివారికి అన్యాయముగా పరిణమించుచున్నదని 1999 మార్చిలో ఫిలడెల్ఫియా న్యాయమూర్తి దానిని కొట్టివేసెను. ఆ డిసెంబరులో పై న్యాయస్థానము తీర్పును త్రిప్పివేసినది, ఎందువలన? నిబంధన ధర్మమని కాదు, ఆ చట్టము ఈ సంఘమునకు వర్తింపదని! తుదకు 2023 జనవరిలో సంఘమే ఆ పరీక్షను అర్హతనియమములనుండి తొలగించినది. ఆ నడుమ వాకిట నిలిచిపోయిన బాలురకు ఎవ్వరు సమాధానము చెప్పుదురు?

ఇక విద్యాలయముల సంగతి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమున 18 ఏండ్లపాటు బోధకుడు లేని తరగతులు నడచినవని 2014 నాటి విచారణ తేల్చినది. ఒక్క వ్యాసము వ్రాసియిచ్చిన చాలును. కార్యాలయోద్యోగినియే మంచి మార్కులు వేసెడిది. అట్లు 'చదివిన' 3100 మందికి పైబడిన విద్యార్థులలో సగమునకు దాపుగా క్రీడాకారులే. 2017లో సంఘము విధించిన శిక్ష యేమి? ఆ తరగతులు అందరికిని లభ్యమైనవి గావున తన నియమములు భంగమైనవని చెప్పజాలనని చేతులు కడిగికొన్నది! పదునెనిమిదేండ్ల బాలుడు పది మార్కులు తక్కువైనచో దోషి. పదునెనిమిదేండ్లు బోధన మానిన విద్యాలయము నిర్దోషి. ఇదియా న్యాయము?

జట్లకును కొలత కలదని కొందరందురు. నిజమే, 2013లో కనెక్టికట్ జట్టును దాని చదువు లెక్కలు చాలవని పోటీలనుండి వెలివేసిరి. కాని అవి గతించిన యేండ్ల లెక్కలు. ఇంట కూర్చున్నవారు నాటి ఆటగాండ్రు. అచ్చటను దండన విద్యార్థికే!

2025 జూలై మొదలు కళాశాలలు ఆటగాండ్రకు నేరుగా ధన మీయవచ్చును. ధన మిచ్చితిమి, ఇక చదువుమాట యేల యనువారు బయలుదేరుదురు. కూలి ముట్టినంతమాత్రమున విద్యాఋణము తీరునా? విద్యార్థిగా చేర్చుకొన్నవానికి విద్య గరపుట విద్యాలయము ధర్మము. వెనుకబడినవానికి వేతనమిచ్చి, మొదటి యేడు ప్రత్యేకముగా బోధింపుడు. బోధన పేర మోసము జరిగినచో ఆటగాని యర్హతను గాక, విద్యాలయమునకు వచ్చు ఆటల రాబడిని హరింపుడు. కొలబద్దను విరువుమని మేము కోరుట లేదు. దానిని విద్యాలయము గుమ్మమునను నిలుపుడని కోరుచున్నాము.