కాపురానికి పంపే కోర్టు

లగ్గాల రోజులొస్తే మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పొడుగునా సందడే. ఫంక్షన్ హాళ్ల ముందు దీపాల తోరణాలు, బరాత్ బ్యాండు, బారులు తీరిన కార్లు. అంత ఘనంగా అత్తారింటికి వెళ్లిన అమ్మాయిల్లో కొందరు ఏడాది తిరక్కుండానే ఒక్క సూట్‌కేసుతో తల్లిగారింటికి వచ్చేస్తారు. ముందు పెద్దమనుషుల పంచాయితీ. అక్కడ తెగకపోతే కొన్నాళ్లకు కోర్టు కాగితం. హిందూ వివాహ చట్టం సెక్షన్ 9... దాంపత్య హక్కుల పునరుద్ధరణ. పేరు ఎంత బరువుగా ఉన్నా ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేది ఒకటే: ‘కాపురానికి రమ్మని కేసేశాడు’.

ఆడపిల్ల కాపురానికి ‘వెళ్లడం’ కన్నా ఆమెను ‘పంపడమే’ మన మాటల్లో ఎక్కువ. అమ్మానాన్న పంపాలి. వాళ్లు పంపకపోతే పెద్దమనుషులు, వాళ్లవల్లా కాకపోతే కోర్టు. ఇష్టం లేని మనిషిని అలా పంపే అధికారం కోర్టుకుందా? ఈ ప్రశ్న వేసి, లేదని జవాబు కూడా చెప్పింది మన హైకోర్టే.

ఆ కేసు సినీ నటి సరితది. 1975 డిసెంబరు 13న తిరుపతిలో ఆమెకు పెళ్లయిందని అవతలి పక్షం చెప్పింది. అప్పటికి ఆమె మద్రాసులో చదువుకుంటున్న పదహారేళ్ల హైస్కూలు పిల్ల. ఆ వెంటనే ఇద్దరూ విడిపోయారు. ఐదేళ్లు గడిచాయి. ఆమెకు తెర మీద పేరొచ్చింది. అప్పుడు కడప సబ్ కోర్టులో సెక్షన్ 9 పిటిషన్ పడింది. మద్రాసులో ఉంటున్న తన మీద కడపలో కేసేమిటని ఆమె హైకోర్టుకెళ్లారు. కోర్టు పరిధితో మొదలైన వాదన అసలు ఆ సెక్షనే చెల్లుతుందా అనేదాకా సాగింది.

1983 జులై 1న జస్టిస్ పి.ఎ.చౌదరి చెల్లదని తీర్పిచ్చారు. ‘కాపురం’ అన్న మర్యాద మాట చాటున ఏముందో ఆయన మొహమాటం లేకుండా రాశారు. కలిసి ఉండమంటే పడక పంచుకోమనే. తనను ఎవరు తాకాలో, బిడ్డను ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఈ డిక్రీతో స్త్రీ చేతిలోంచి ప్రభుత్వం చేతిలోకి పోతుంది. చట్టం ఇద్దరికీ సమానమేగా అంటే ఆయన ఒప్పుకోలేదు. డిక్రీ తర్వాత కూడా భర్త జీవితం ఇంచుమించు ఎప్పటిలాగే నడుస్తుంది, గర్భం మోసేది భార్య. పైగా ఈ సెక్షన్ మన శాస్త్రాల్లోదీ కాదు. ఇంగ్లండ్ చర్చి కోర్టుల నుంచి వచ్చింది. అక్కడ 1970లోనే తీసేశారు.

ఆ తీర్పు నిండా పద్నాలుగు నెలలు నిలవలేదు. 1984 ఆగస్టు 8న సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 9 సక్రమమేనంది. పెళ్లిని నిలబెట్టడానికే అది ఉందట! విచిత్రమేమంటే ఆ కేసులో కలిసి ఉండాలని పిటిషన్ వేసింది భార్య. భర్త సరేనన్నాడు, 1978లో డిక్రీ వచ్చింది. ఏడాది గడిచాక, కాపురం మొదలవలేదు కనుక విడాకులివ్వండంటూ అతనే కోర్టుకెక్కాడు. ఇచ్చారు.

ఇప్పటికీ దారి అదే. డిక్రీ తర్వాత ఏడాదిపాటు కలిసి ఉండకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులడగొచ్చు. పోలీసులొచ్చి అమ్మాయిని తీసుకెళ్తారన్న భయం అక్కర్లేదు. జైలు లేదు కానీ ఆస్తి జప్తుకు వీలుంది. ‘రాలేదు కాబట్టి భరణమివ్వను’ అనడం మాత్రం ఇక కుదరదు. వెళ్లకపోవడానికి తగిన కారణముంటే డిక్రీ ఉన్నంత మాత్రాన భరణం పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు మెలిక వేరేచోట ఉంది. విడిగా ఉంటున్న భార్యను ఆమె అంగీకారం లేకుండా భర్త లొంగదీసుకుంటే నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 67 కింద రెండు నుంచి ఏడేళ్ల జైలు. అదే ఆమె కోర్టు మాట విని అత్తారింటికి వెళ్తే? పద్దెనిమిదేళ్లు నిండిన భార్య విషయంలో అది అత్యాచారం కాదంటుంది సెక్షన్ 63లోని మినహాయింపు. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా పాత మినహాయింపు అలాగే వచ్చి కూర్చుంది. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరొచ్చు, అంతవరకే. అంటే చేవెళ్లలో తల్లిగారింట్లో ఉన్నన్నాళ్లు ఆ అమ్మాయి ‘వద్దు’ అంటే చట్టం వింటుంది. డిక్రీకి తలొగ్గి మొయినాబాద్‌లో అత్తారింటి గడప దాటితే వినదు. రెండిటికీ మధ్య బస్సులో కాసేపటి దారి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ ధైర్యంతో 2019లో గాంధీనగర్ న్యాయ విద్యార్థులు సెక్షన్ 9ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. వాళ్లు చెప్పేది దాదాపు జస్టిస్ చౌదరి చెప్పిందే.

ఈలోగా నోటీసు వచ్చినవాళ్లు దాన్ని బీరువాలో దాచిపెడితే కేసు ఆగదు. అమ్మాయి మాట వినకుండానే ఏకపక్షంగా డిక్రీ వచ్చేస్తుంది. జిల్లా కోర్టు నగరానికి అవతల ఎల్బీనగర్‌లో ఉంది, లాయరు ఫీజూ తక్కువేం కాదు. కానీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ మహిళకైనా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వాయిదా తేదీ దాటకముందే చేయాలి.