రందా కొనేముందు తిరగేసి చూడుండ్రి



ఎప్పుడూ విత్తనాలు, ఎరువులు, వడ్ల కాంటాల గురించే రాస్తుంటాను గదా. ఇయ్యాల వేరే ముచ్చట. రందా గురించి. ఆంధ్ర దిక్కు చిత్రిక అంటరు, మనం రందా అంటం. రైతుకు రందాతోని ఏం పని అనుకోవద్దు. వానకాలం తలుపు ఉబ్బి పట్టుకుంటే రందా గావాలె. మంచం పట్టె మార్చినా, దర్వాజ చెక్క నున్నగ చేసినా అదే గావాలె.

వెనుకట ఈ పనులన్నిటికి వడ్లాయన ఉండె. పంట ఇంటికొచ్చినంక మేర కొలిచి ఇచ్చేటోళ్లం, ఏడాదంత ఆయనే చూసుకునేటోడు. ఇప్పుడు మా ఊర్ల ఒక్కడే మిగిలిండు. డెబ్బై దాటినయి. నేను మామ అని పిలుస్త. ఆయన కొడుకు పట్నంల ప్లైవుడ్ అల్మారీల పని చేస్తుండు. అందుకే మనలో చాలామంది సామాన్లు సొంతంగ కొనుక్కుంటున్నరు. కొన్నోళ్లు నా లెక్క మోసపోవద్దని ఇది రాస్తున్న.

రెండేండ్ల కింద గాలిదుమారానికి మా బాయికాడి వేపచెట్టు పడ్డది. మిషిన్ల కోపిస్తే మంచి చెక్కలు వచ్చినయి. బిడ్డ పెండ్లికి ముందే ముందరింటికి తలుపు చేయిద్దామనుకున్న. మామకు చేతగావట్లేదని నేనే మొదలువెట్టిన. ఏడు వందలు పెట్టి కొత్త ఇనుప రందా కొన్న. నీలం రంగు, ఇత్తడి చక్రం, మెరిసే పిడి. చూడముచ్చటగ ఉండె. చెక్కమీద పెట్టి తోస్తే ఒకకాడ జారుతది, ఒకకాడ ఎగిరి పడతది, ఇంకొకకాడ కట్టెను పొర్లు పొర్లుగ లేపుతది. రెండు చెక్కలు ఖరాబైనయి. వేపకట్టె మంచిది కాదు అనుకున్న. తర్వాత నా చెయ్యే మంచిది కాదు అనుకున్న.

మామ వచ్చి రందాను చేతికి తీసుకోని తిరగేసిండు. ఇనుప స్కేలును అంచు మీద నిలవెట్టి సూర్యుని దిక్కు పట్టిండు. స్కేలు కింద వెలుతురు కనవడ్డది. ముందల ఆనుతుంది, వెనుక ఆనుతుంది, నడుమ బ్లేడు నోటికాడ గుంత. "అల్లుడా, ఇది రందా కాదు, రందా కావాల్సిన ఇనుము" అన్నడు. ఆ మాట నాకు ఇప్పటికీ యాదికుంది.

మొన్న చిన్నోన్ని చూద్దామని పట్నం పోయిన. అశోక్‌నగర్ల రూం తీసుకోని గ్రూప్స్‌కు చదువుతుండు, పగలంత చిక్కడపల్లి లైబ్రరీలనే ఉంటడు. వాడు పుస్తకాల మీద కూసుంటే నేను ఏం చెయ్యాలె? ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటి గోల్కొండ చౌరస్తా మీదికెళ్లి ముషీరాబాద్ దాకా నడిచిన. పాత జైలు ఉన్న జాగల ఇప్పుడు గాంధీ దవాఖాన ఉన్నది గదా, ఆ దిక్కు. ఆ రోడ్ల పొంటి కట్టె డిపోలు, వడ్రంగం సామాన్ల దుకాణాలు ఉంటయి. ఒక దుకాణంల కొత్తగ వచ్చిన రందాలు వరుసగ పెట్టిండ్రు, చిన్నది మొదలువెట్టి మూరెడు పొడుగుది దాకా. ఈసారి జేబుల స్కేలు పెట్టుకోనే పోయిన. దుకాణపాయన నవ్విండు గానీ అడ్డం చెప్పలే.

నేను చూసింది ఏందంటే, ఈ కొత్త ఇనుప రందాల రూపం కొత్తది కాదు. అమెరికాల లియోనార్డ్ బెయిలీ అనే ఆయన నూటయాభై ఏండ్ల కింద తయారుచేసిన పద్ధతి అది. వెనుక చక్రం తిప్పితే బ్లేడు దిగుతది, మీట జరిపితే పక్కకు సర్దుకుంటది. ఆయన హక్కులను 1869ల స్టాన్లీ కంపెనీ కొన్నది. ఇయ్యాల దుకాణాలల్ల దొరికే ఇనుప రందాలల్ల ఎక్కువ దానికి నకళ్లే. నాలుగో నంబరు, అయిదో నంబరు అని పిలిచే అంకెలు గూడ అప్పటివే. పద్ధతిల తప్పు లేదు. తేడా అంతా పనితనంలనే.

దుకాణంల మూడు రకాలు కనవడ్డయి. అగ్గువది: బ్లేడు కూసునే వాలు దిమ్మ సక్కగ కోసి ఉండదు, వేలుతోని ఒత్తితే కదులుతది. చక్రం రెండు చుట్లు తిప్పినా బ్లేడు కదలదు, అంత లూజు. నడిమి రకం: మన దేశంలనే చేసినవి, దానికి డబల్ ధర. అడుగు పూర్తి సాపు లేదు గానీ గుంత సన్నది. దిమ్మ గట్టిగ కూసుంటది, పిడి కట్టెది. మూడోది బయటి దేశాలది. అడుగు స్కేలుకు అతుక్కున్నట్టే ఉన్నది. చేతిల పడితే కింద పెట్టబుద్ధి కాదు. ధర విన్నంక పెట్టిన. ఏడాదికి నాలుగు తలుపులు సర్దుకునే రైతుకు అది అక్కరలేదు.

నా అభిప్రాయం ఇది. అగ్గువది కొనకుండ్రి. ఏడు వందలు పోయినయని కాదు, దానివల్ల మంచి కట్టె పోతది, మనకు చేతగాదు అన్న బుగులు మనసుల పడతది. నడిమి రకం కొనుండ్రి, కానీ కొన్ననాడే పని చేస్తదని అనుకోకుండ్రి. కంపెనీ సగం పని చేసి అమ్ముతుంది, మిగిలిన సగం మనమే చెయ్యాలె.

ఆ సగం పని మామ నాకు చేసి చూపిచ్చిండు. మీరు గూడ చెయ్యొచ్చు.

ముందుగాల కొత్త రందా మీద తుప్పు పట్టకుండ పూసిన జిడ్డును కిరసనాయిలు తోని తుడవాలె. తర్వాత మందం అద్దం ముక్క మీదనో, సాపుగ ఉన్న గ్రానైట్ బండ మీదనో గరుకు శాండ్‌పేపర్ అతికించాలె. బ్లేడును రందాలనే బిగించి ఉంచాలె గానీ నోటి లోపలికి జరపాలె, బిగింపుకు ఇనుము కొంచెం వంగుతది గనుక. అడుగు మీద పెన్నుతోని అడ్డగీతలు గీసి రుద్దాలె. ముందల, నోటి చుట్టు, వెనుక, ఈ మూడు జాగలల్ల గీతలు పోతే చాలు. మిగతా కాడ సన్న గుంతలు ఉన్నా నష్టం లేదు.

తర్వాత బ్లేడు. కొత్త బ్లేడు పదునుగ ఉంటదని మనకు భ్రమ. కంపెనీల 25 డిగ్రీల వాలుకు అరగదీసి పంపుతరు, అంతే. సాన మనమే పట్టాలె. వాలు దిక్కే కాదు, వెనుక దిక్కు గూడ అంచు దగ్గర అద్దం లెక్క మెరవాలె. ముంజేతి వెంట్రుకలు గొరిగితే పదును వచ్చినట్టు.

బ్లేడు మీద ఇంకొక పట్టీ ఉంటది. అది బ్లేడుకు ఏమాత్రం సందు లేకుండ అతకాలె. సందు ఉంటే పొట్టు అండ్ల ఇరికి నోరు మూసుకపోతది. టేకు లాంటి సక్కని నార కట్టెకు పట్టీని బ్లేడు అంచుకు గీతంత దూరంల, ఒక మిల్లీమీటరు దాకా పెట్టొచ్చు. వేపకు నార ఒక పొర ఇటు, ఒక పొర అటు తిరిగి ఉంటది. దానికి అంచుకు ఇంకా దగ్గరికి జరపాలె, బ్లేడును వెంట్రుకంత దించాలె. నేను రెండు చెక్కలు ఖరాబు చేసింది ఈ సంగతి తెల్వకనే. తప్పు వేపది కాదు.

నా ఏడు వందల రందాను మామ ఒక పూట కూసోని బాగుచేసిండు. దిమ్మ కింద రేకు ముక్క పెట్టి కదలకుండ చేసిండు. ఇప్పుడు పని చేస్తది. అయితే ఆ పూట కూలి కలిపితే నడిమి రకం ధరే పడ్డది.

మరి పాత కట్టె రందా సంగతి? మామ దగ్గర నల్లతుమ్మ రందా ఉన్నది, వాళ్ల నాయన చేసింది. అడుగు వంకర పోతే ఇంకొక రందాతోనే సాపు చేస్తడు. బ్లేడు దించాలంటే సుత్తెతోని తడుతడు, చక్రం లేదు ఏం లేదు. కింద కూసోని కాలివేళ్లతోని చెక్క పట్టుకోని చేసేటోనికి అదే అల్కగ ఉంటది. జపాన్ వడ్రంగులు ఇప్పటికీ కట్టె రందానే వాడుతరు, వాళ్లు తోయరు, తమ దిక్కు గుంజుతరు. అందుకే ఇంట్ల తాతల రందా అటక మీద ఉంటే పొయ్యిల పెట్టకుండ్రి. బ్లేడు తుప్పు తీసి చూడుండ్రి. కానీ దానికి చెయ్యి అలవాటు కావాలె, చక్రం ఉన్నది నేర్చుకునేటోనికి సులువు. ఆ మాట గూడ నిజమే.

కరెంటు రందా గురించి అడుగుతరని తెలుసు. రోజూ పని ఉన్నోళ్లకు మంచిదే. ఉబ్బిన తలుపును వెంట్రుకంత తీసేకాడ చెయ్యి తప్పితే అది గుంత తవ్వుతది. తీసినంక కట్టె తిరిగి రాదు.

కొనేటోళ్లకు చివరి మాటలు. సెట్టు కొనకుండ్రి, ఒక్కటి చాలు. తలుపులకు, పట్టెలకు అయిదో నంబరు, పద్నాలుగు ఇంచులది. పారకామ, గొడ్డలికామలకు రందా వద్దు, బాడిసెతోని చెక్కి పగిలిన అద్దం ముక్కతోని గీకితే నున్నగ వస్తది. రందాను ఎత్తుమీదికెళ్లి కింద పడేయకుండ్రి, పోత ఇనుము పలుగుతది. పని అయినంక నూనెగుడ్డతోని తుడిచి పెట్టుండ్రి.

ఇంకొక మాట. ఒక్కొక్క ఇంటికి ఒక అగ్గువ రందా కంటే నాలుగు ఇండ్లు కలిసి ఒక మంచిది కొనుండ్రి. మీ ఊర్ల వడ్లాయన ఇంకా ఉంటే, కొనేటప్పుడు బస్సు కిరాయి పెట్టి ఆయన్ని తోలుకపోండ్రి. సాన పట్టుడు ఇద్దరు పిలగాండ్లకు నేర్పమని అడుగుండ్రి, ఊరికే కాదు, కూలి ఇచ్చి. మా మామకు నేను అదే చెప్పిన. "నేర్చుకునేటోడు వస్తే నేను కూలి తీసుకుంటనా" అన్నడు. అయినా ఇయ్యాల్సిందే. మేర కొలిచిన చేతులు గదా మనయి.

వచ్చే ఆదివారం మా ఇంటికాడ మామ సాన పడుతడు. ఇద్దరు పిలగాండ్లు వస్తమన్నరు. దగ్గరి ఊర్లోళ్లు ఎవరన్న రావాలనుకుంటే మీ రందాలు తెచ్చుకోండ్రి, స్కేలు నా దగ్గర ఉన్నది.