కంకర గట్టిదైతేనే బాట గట్టిది

ముంబయిలోని కామాఠీపురకు ఆ పేరు తెలుగు కూలీల వలన వచ్చినదే. నిజాం రాజ్యం నుండి వలస వెళ్ళిన కామాఠీలు ఆ నగర నిర్మాణానికి చెమటోడ్చారు. నేటికీ మన పల్లెల నుండి బొంబాయి బాట పట్టేవారున్నారు. అందుచేత అక్కడి రోడ్ల మన్నిక మనకు పరాయి విషయం కాదు.

ముంబయి నగరపాలక సంస్థ 2023 నుండి రోడ్లను పెద్దఎత్తున సిమెంటు కాంక్రీటుగా మారుస్తున్నది. కాంక్రీటులో అధికభాగం కంకరే. ఆ ప్రాంతపు నల్లరాయి సాధారణంగా గట్టిదే అయినా, శిథిలమైన పొరల నుండి తీసిన రాయి త్వరగా పొడి అవుతుంది. ఈ తేడా కంటికి తెలియదు, పరీక్షకే తెలుస్తుంది.

కంకరను ఇనుప గుండ్లతో పాటు పీపాలో వేసి 500 చుట్లు త్రిప్పి, 1.70 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. కాంక్రీటు రోడ్డు పైపొరకు వాడే కంకరలో అరుగుదల నూటికి 30 వంతులు మించరాదని భారతీయ ప్రమాణం. సోడియం సల్ఫేటు ద్రావణంలో 5 మార్లు నానబెట్టి ఆరబెట్టే మరో పరీక్షలో నష్టం 12 వంతులు దాటరాదు. ఎండవానలకు రాయి తట్టుకోగలదా అన్నది దీనివలన తేలుతుంది.

అయితే క్వారీలో ఏరి తెచ్చిన మంచి రాయిని పరీక్షించి ప్రయోజనమేమి? నమూనాను పని జరిగేచోటి కుప్ప నుండే తీయాలి. మన ఊరి రోడ్డుకైనా ఇదే న్యాయం. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. పరీక్షా ఫలితాన్ని అడగడం పౌరుని హక్కు. అడగకుంటే గుంతలూ మనవే, ఖర్చూ మనదే.